ఎద్దులబండి గాడిలో నడిచిన కారు

మోటారు ఇన్సూరెన్సు సర్వేయరు ఏం చేస్తాడో మా వీధిలో సగంమందికి నేను రిటైరయ్యేదాకా తెలియదు. పొలాలు కొలిచేవాడినని కొందరు, పాలసీలు కట్టించుకునే ఏజెంటునని కొందరు అనుకునేవాళ్ళు. ఏజెంటు అనుకున్నవాళ్ళు నన్ను చూడంగానే పక్క సందులోకి తిరుక్కునేవాళ్ళు. నేను చేసింది ఆ రెండూ కాదు. ఎక్కడన్నా కారో లారీయో పల్టీ కొడితే కంపెనీవాళ్ళు నన్ను పంపిస్తారు. నేను పోయి, ఏం విరిగింది, ఎందుకు విరిగింది, బాగుచేస్తే అవుతుందా అవదా అని చూసి రిపోర్టు పంపాలి. అంతే ఉద్యోగం.

వినడానికి సులువుగానే ఉంది గదా. నిజం చెప్తున్నా, ఆ పనిలో ఉన్నన్నాళ్ళూ నేను నోరు తెరుచుకునే తిరిగినాను. యాక్సిడెంటు చూసి కాదు. యాక్సిడెంటుకు ముందు మనుషులు తమ సొంత బండికి చేసుకున్న పనులు చూసి. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిలకాయలు ఒకరిద్దరు, అనుభవాలు రాయండి సార్ అని అడిగినారు. ప్రమోషన్లు, ఆఫీసు సంగతులు నేను రాయను. అవి అందరివీ ఒకటే. నన్ను ఇప్పటికీ నిలవనీయని కేసు ఒకటుంది. దాన్ని చెప్తే ఈ ఉద్యోగం మొత్తం చెప్పినట్టే.

ముందు దారి చూడు

నేను ఈ పనిలోకి వచ్చింది పంతొమ్మిదివందల యాభైల చివర్లో. అంతకుముందు బస్సుల షెడ్డులో రెంచీ పట్టుకోని బతికినవాణ్ణి. నాకు పని నేర్పింది సుబ్బరామయ్యగారని ఒక పెద్ద సర్వేయరు. పంచె మీద కోటు, కోటు జేబులో చిన్న టార్చిలైటు. మాటకు పొదుపే గాని కోపానికి కాదు. మొదటిసారి నన్ను యాక్సిడెంటు అయిన చోటికి తీసకపోయినప్పుడు, నేను ఉత్సాహం కొద్దీ దిగీ దిగంగానే కారు కింద దూరినా. ఆయన నా కాళ్ళు పట్టుకోని బయటికి లాగినాడు.

"కారు ఇంక యాడికీ పోదు. ముందు దారి చూడబ్బా," అన్నాడు.

ఆ ముక్క నాకు అప్పుడు ఎక్కలేదు. నెల్లూరు అవతల విడవలూరు పక్క కేసులకు తిరగడం మొదలుపెట్టినాక ఎక్కింది. అప్పట్లో ఆ పక్క తారురోడ్డు కొంతదూరమే. అది దాటితే బండిదారి. వానాకాలంలో ఎద్దులబండ్లు ఆ నల్లమట్టిలో చక్రం మునిగేదాకా దిగబడి పోతాయి. ఒక బండి పోయిన గాడిలోనే ఇంకో బండి, దాని వెనక ఇంకోటి. ఎండాకాలం వచ్చేసరికి ఆ గాడులు సిమెంటు కాలవల మాదిరి గట్టిపడిపోతాయి. బండివాడు పగ్గాలు వదిలేసి నిద్రపోయినా ఎద్దులు, బండి ఆ గాడిలోనే ఇంటికి చేరతాయి.

కారుకే వచ్చింది చిక్కు. బండి చక్రాల మధ్య దూరం ఎక్కువ, కారు చక్రాల మధ్య దూరం తక్కువ. ఒక చక్రం గాడిలో దిగితే రెండోది నడిమధ్య గట్టుమీద ఉంటుంది. కారు ఒక పక్కకు ఒరిగిపోయి, అడుగు మట్టికి గీసుకుంటూ, లోపల కూర్చున్న పెద్దాయన పక్కనున్న ఇల్లాలి మీద పడుతూ, ఆమె కిటికీ పట్టుకోని దేవుణ్ణి తలుచుకుంటూ పోవాల. అంత డబ్బు పోసి కారు కొన్న మోతుబరికి అది తలవంపులుగా ఉండేది.

దానికి మావాళ్ళు ఒక మందు కనిపెట్టినారు. దారిని మార్చలేరు గాబట్టి కారును మార్చినారు.

బిళ్ళలు ఏయించినారా?

చక్రం విప్పి, చక్రానికీ ఇరుసుకూ మధ్య మందపాటి ఇనుప బిళ్ళ ఒకటి పెడతారు. నాలుగు చక్రాలకూ నాలుగు. దాంతో చక్రాలు రెండు పక్కలా బయటికి జరుగుతాయి, కారు సరిగ్గా బండి గాడిలో దిగుతుంది. ఇప్పుడు పట్నం కుర్రాళ్ళు కారు సోకుగా కనపడాలని స్పేసర్లని ఏయించుకుంటున్నారు గదా, అదే ఇది. వీళ్ళది సోకు, వాళ్ళది అవసరం. ఇనుముకు మాత్రం ఆ తేడా తెలియదు.

ఆ బిళ్ళలు యాడివి అనుకున్నారు? ధాన్యం మిల్లుల దగ్గర లేతు మిషను పెట్టుకున్న షెడ్లలో చేసేవాళ్ళు. పగిలిపోయిన ఆయిలింజను చక్రాలుంటాయే, ఆ పోత ఇనుము ముక్కల్ని గుండ్రంగా తిప్పి, బోల్టులకు రంధ్రాలు పెట్టి ఇచ్చేవాళ్ళు. పోత ఇనుము బరువు మోస్తుంది గాని దెబ్బ ఓర్చుకోదు, కుండ పెంకు మాదిరి పగులుతుంది. అదొకటి. బోల్టుల మీద పడే బరువు ఇంకొకటి. బిందెను చంకలో పెట్టుకోని మోస్తే ఒక బరువు, చెయ్యి చాపి పట్టుకోని మోస్తే ఇంకో బరువు. చక్రాన్ని బయటికి జరిపితే ఇరుసు చెయ్యి చాపి మోసినట్టే. బేరింగులు అరుగుతాయి, నట్లు వదులవుతాయి, ఒకరోజు బోల్టు పుటుక్కున తెగుతుంది.

ఇది నేను మొదటిసారి చూసినప్పుడు, ఎవడో ఒక తిక్కవాడు చేసిన పని అనుకున్నా. ఊళ్ళో నలుగురితో మాట్లాడినాక నా మతి పోయింది. కొత్త కారు వస్తే కొబ్బరికాయ కొడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు, ఆ తడి ఆరకముందే షెడ్డుకు తోలకపోయి బిళ్ళలు ఏయిస్తారు. పాపకు చెవులు కుట్టించినారా అని అడిగినట్టు, కారుకు బిళ్ళలు ఏయించినారా అని ఒకర్నొకరు అడుగుతారు. ఏయించకపోతే పిసినారి కింద లెక్క.

అంతకన్నా పెద్ద షాకు ఆ సాయంత్రమే తగిలింది. ఈ పిచ్చిపని గురించి దారిపొడుగునా బాడుగ కారు డ్రైవరుకు ఉపన్యాసం దంచుకుంటా వస్తున్నా. అతను అన్నిటికీ అవునండీ, అవునండీ అంటున్నాడు. నెల్లూరులో దిగినాక ఎందుకో అనుమానమొచ్చి వంగి చూసినా. నన్ను మోసుకొచ్చిన కారుకే నాలుగు బిళ్ళలు. ఏందయ్యా ఇది అంటే, మరి మీరు అడగలేదు గదండీ అన్నాడు.

పిలకాయలూ, అదీ పాఠం. ఎవరూ అబద్ధం చెప్పరు. మనం అడగము, వాళ్ళు చెప్పరు. పాలసీ కట్టించుకునే ఏజెంటు కారు రంగు చూస్తాడు, నంబరు చూస్తాడు, కాఫీ తాగి పోతాడు. కారు కింద ఏముందో వంగి చూడడు. పెట్రోలు కారును కిరసనాయిలు మీద నడిపేవాళ్ళు, లారీకి అదనంగా కమానుపట్టాలు ఏయించి కొండంత బరువు ఎత్తేవాళ్ళు, వీళ్ళెవరూ దాన్ని మార్పు అనుకోరు. అలవాటైపోయింది వాళ్ళ కంటికి మార్పుగా కనపడదు. కారులో మార్పు చేసుకోవద్దని నేను ఎవరికీ చెప్పలేదు. చేసినామని కంపెనీకి ఒక్క ముక్క చెప్పండి, వాళ్ళు ఒప్పుకుంటారో లేదో తేలిపోతుంది అని చెప్పినా. నా మాట విన్నవాణ్ణి ఒక్కణ్ణి చూసి ఎరగను.

చక్రం ముందొచ్చింది

పెంచలరెడ్డిగారిది విడవలూరు అవతల ఒక ఊరు. మంచి మాగాణి, మాట చెల్లే మనిషి. ఆయన కారుకు డ్రైవరు మస్తాన్. నెల్లూరులో బండ్లకు రేకులు తాపడం చేసే సాయిబుల కుటుంబంలో పుట్టి, స్టీరింగు మీద ప్రేమకొద్దీ ఇల్లు వదిలి ఆ ఊరికి చేరినాడు. భార్య, చిన్నపిలకాయలు. నిదానస్తుడు. కోడి అడ్డమొస్తే కారు ఆపి, అది పోయిందాకా చూసి పోయే రకం అని ఊరంతా ఎగతాళి చేసేవాళ్ళు.

ఒకరోజు పొద్దున మస్తాన్ ఒక్కడే ఖాళీ కారుతో వస్తున్నాడు. కాలవ మీద వంతెన ఎక్కి దిగుతున్నాడు. ఆ దిగుడులో ముందర ఎడమ చక్రం బిళ్ళ పగిలి, బోల్టులు తెగి, చక్రం ఊడిపోయింది. కారు ముక్కు నేలకు కొట్టుకోని కాలవలోకి దూకింది. ఊడిన చక్రం మాత్రం కాలవలోకి పోలేదు. నేరుగా బండి గాడిలో పడింది. పడి, గాడి యాడికి తీసకపోతే ఆడికి, దిగుడు వాటాన ఉరికింది.

ఆ గాడిలో ముందర పోలమ్మ నడుస్తా ఉంది. జాలర్ల పాళెం నుంచి చేపలగంప నెత్తిన పెట్టుకోని ఊళ్ళకు తిరిగే మనిషి. గట్టుమీద తుమ్మముళ్ళు, గాడిలో మట్టి మెత్తగా నున్నగా ఉంటుందని చెప్పుల్లేని కాళ్ళవాళ్ళంతా గాడిలోనే నడుస్తారు. వెనక నుంచి కారు చప్పుడు వినపడింది గాని, అది దూరంగా ఉందిలే అనుకుంది. చక్రానికి చప్పుడు లేదు గదా. వచ్చి తుంటి మీద కొట్టింది.

మనిషి బతికింది. కాలు మాత్రం పొట్టిదై అతుక్కుంది. గంప ఎత్తే బతుకు ఆ రోజుతో అయిపోయింది.

నేను పోయేసరికి కారును ఎద్దులు కట్టి బయటికి లాగిపెట్టినారు. అలవాటుగా ముందు దారి చూసినా. వంతెన మొదలు నుంచి పోలమ్మ పడిపోయిన చోటుదాకా గాడి వెంట నడిచినా. చక్రం గీత గాడి మధ్యలో దారం పట్టి గీసినట్టు ఉంది. ఏ గాడికి కొలతపెట్టి ఆ చక్రాన్ని జరిపినారో, ఆ గాడే దాన్ని ఆమె దగ్గరికి తీసకపోయింది. అట్టాంటిది నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ఇరుసుకు పగిలిన బిళ్ళ సగం అంటుకొనే ఉంది. రెండో సగం వంతెన పక్క బురదలో నేనే ఏరి తీసినా.

నాకన్నా ముందు బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి పోయినాడు. ఆయన పేరుకు తగ్గట్టు బ్రేకులే చూసినాడు. బ్రేకులు బాగున్నాయి, కాబట్టి డ్రైవరు జోరుగా నడిపి ఉండాల అని రాసినాడు. దాన్ని పట్టుకోని పోలీసులు మస్తాన్ మీద కేసు పెట్టినారు. అజాగ్రత్తగా నడిపి మనిషిని అవిటిదాన్ని చేసినాడని. రుజువైతే జైలు, లైసెన్సు పోతుంది. డ్రైవరుకు లైసెన్సు పోయినాక ఏం మిగులుతుంది?

ఇద్దరూ ఒకటే అడిగినారు

పెంచలరెడ్డిగారు నన్ను ఇంటికి పిలిపించి కూర్చోబెట్టి కాఫీ ఇప్పించినారు. మర్యాదకు లోటు చేయలేదు. బిళ్ళల మాట రిపోర్టులో రానీయొద్దన్నారు. అది రాకపోతే కారుకు కంపెనీ ఇస్తుంది, కేసు ఎటూ డ్రైవరు మీద ఉంది, అంతా సాఫీగా జరిగిపోతుందన్నారు. మస్తాన్ జైలుకు పోతే అని నేనడిగితే, వాడి పిలకాయలకు మా ఇంట్లో గింజలు కరువా అన్నారు. నేను కాఫీ గ్లాసు కింద పెట్టి లేచినా. ఆయన చెడ్డవాడు కాదు, అదే నాకు మింగుడుపడలేదు. గింజలు నిజంగానే పంపించే మనిషి.

ఆయన అడగడం పెద్ద విడ్డూరం కాదు. ఓనర్లు అడుగుతారు. విడ్డూరమంటే, మూడోనాడు మస్తాన్ నెత్తికి కట్టుతో మా ఇంటికొచ్చి అదే మాట అడగడం.

"బిళ్ళల సంగతి రాయబాకండి సార్," అన్నాడు.

నీకేమన్నా పిచ్చా అని కసిరినా. ఆ బిళ్ళ పగలబట్టే చక్రం ఊడింది, నువ్వు జోరుగా నడపలేదని చెప్పే సాక్ష్యం ఈ భూమ్మీద అదొక్కటే, దాన్ని నేను రాయకపోతే నిన్నెవడు కాపాడతాడురా అన్నా. తలొంచుకోని విన్నాడు.

"నాకైతే ఏడాదో రెండేళ్ళో సార్. పోలమ్మక్కకు జన్మంతా గదా. బిళ్ళలని తెలిస్తే కంపెనీ ఆమెకు పైసా కూడా ఇయ్యదంట. రెడ్డిగారు చెప్పినారు."

ఆ అమ్మ రోజూ అదే దారిలో ఎదురుపడేదంట. కారు ఆపి గంప దించడానికి ఒక చెయ్యి వేసేవాడంట. ఆమె మిగిలిన చేపల్లో ఒకటో రెండో ఇంటికి తీసకపోమని ఇచ్చేదంట. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న చుట్టరికం అంతే. దానికోసం ఆ మనిషి జైలుకు పోతానని వచ్చి నా వాకిట్లో నిలబడ్డాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. వెంటనే కోపం కూడా వచ్చింది. ఆ చెప్పింది పచ్చి అబద్ధం గాబట్టి.

పిలకాయలూ, ఇది జాగ్రత్తగా చదవండి. మోటారు పాలసీలో రెండు వేరువేరు సంగతులున్నాయి. ఒకటి, ఓనరు సొంత కారుకు జరిగిన నష్టం. కారులో చెప్పకుండా మార్పు చేసి, ఆ మార్పు వల్లే నష్టమొస్తే, కంపెనీ దాన్ని ఇయ్యననొచ్చు. రెండోది, దారిన పోయే మనిషికి జరిగిన నష్టం. దానికి చట్టం అడ్డం నిలబడి ఉంది. ఓనరు బిళ్ళలు దాచిపెట్టినాడా లేదా అనేది పోలమ్మ తప్పు కాదు. కోర్టు ఇయ్యమన్నది ఆమెకు కంపెనీ ముందు ఇయ్యాల. తర్వాత ఓనరుతో కొట్లాడుకోని వసూలు చేసుకుంటుందో మానుకుంటుందో వాళ్ళ తిప్పలు. రెడ్డిగారికి బిళ్ళల మాట దాచితే దక్కేది తన కారు. పోలమ్మకు దక్కేదానికీ దానికీ సంబంధమే లేదు.

ఇదంతా మస్తాన్‌కు అరుగుమీద కూర్చోబెట్టి చెప్పినా. రెండుమూడుసార్లు చెప్పించుకున్నాడు. ఆఖరికి, అయితే రాయండి సార్ అన్నాడు.

మేనేజరుగారి సంతోషం

రిపోర్టు మద్రాసు ఆఫీసుకు పంపినాక మేనేజరుగారు రమ్మని కబురుపెట్టినారు. పోతే ఆయన మొహం పెళ్ళివారి మొహంలా ఉంది. బ్రహ్మాండంగా పట్టుకున్నారండీ, బిళ్ళలు తేలినాయి గదా, ఇంక మనం ఎవరికీ ఏమీ ఇయ్యక్కర్లేదు అన్నారు.

కారుకు ఇయ్యక్కర్లేదు, ఆ పోలమ్మకు ఇయ్యాల అన్నా. ఆయనకు తెలియక కాదు. నాకన్నా చట్టం బాగా చదివినవాడు. నవ్వి, "ఆమెకు తెలిస్తే గదండీ," అన్నారు.

బిళ్ళలు తేలితే ఆమెకు పైసా రాదని రెడ్డిగారి మాట, మేనేజరుగారి మాటా అదే. ఒకరు పంచెలో, ఒకరు టైలో ఉన్నారు గాని ఇద్దరూ కలిసి కూర్చోని అనుకున్నట్టే ఉంది. ఆమెకు నేను చెప్తానండీ అన్నా. అట్లయితే మీకు ఇంక కేసులు పంపడం కష్టమవుతుందన్నారు. దండం పెట్టి వచ్చేసినా.

నిజంగానే కొన్నాళ్ళు కేసులు రాలేదు. ఇంట్లో ఇబ్బంది పడ్డాము, దాయడమెందుకు. తర్వాత మళ్ళీ వాళ్ళే పంపినారు. నా మీద గౌరవంతో కాదు, ఆ పక్క బురదలో నడిచే సర్వేయరు ఇంకొకడు దొరక్క. మద్రాసు నుంచి తిరిగొచ్చిన మర్నాడే పాళెం పోయి పోలమ్మకు అన్నీ చెప్పి, పరిహారం కేసు ఏసే వకీలు పేరు కూడా చెప్పినా. ఆమె అంతా విని, మరి మస్తాను సంగతేంది అని అడిగింది. ఆమెకు ముందు అదే కావాల.

కోర్టు ఆవరణలో

మస్తాన్ మీద క్రిమినల్ కేసు నెల్లూరులో విచారణకు వచ్చింది. అతని తరఫు వకీలు నన్ను సాక్షిగా పిలిపించినాడు. పగిలిన బిళ్ళ రెండు ముక్కలూ బల్లమీద పెట్టి, చక్రం ఎందుకు ఊడిందో చెప్పినా. పోలమ్మ కర్ర మీద ఆనుకోని వచ్చి సాక్ష్యం చెప్పింది. కారు జోరుగా వచ్చిందా అని అడిగితే, "నాకు తెలిసి చక్రం ముందొచ్చింది, కారు రానే లేదు," అంది. కోర్టులో అందరూ నవ్వినారు, మెజిస్ట్రేటుగారు కూడా.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. తర్వాత పెంచలరెడ్డిగారు బోనెక్కినారు. కారు కోసం అడిగింది దక్కలేదు, పైగా పరిహారం ఆయన మెడకు చుట్టుకుంటుందని ఎవరో చెప్పి ఉంటారు. ప్రమాణం చేసి, ఆ బిళ్ళల సంగతే నాకు తెలియదు, నాకు చెప్పకుండా డ్రైవరే ఏయించుకున్నాడు అన్నారు.

బిళ్ళలు రాస్తే మస్తాన్ బయటపడతాడని నేను అనుకుంటే, ఆ బిళ్ళలే తీసకపోయి ఇప్పుడు అతని నెత్తిన పెట్టినారు. ఓనరుకు చెప్పకుండా బండిని పాడుచేసి మనిషిని అవిటిదాన్ని చేసిన డ్రైవరు. అంతకుముందుకన్నా హీనంగా తయారయింది కేసు. మస్తాన్ రెడ్డిగారి వైపు చూసినాడు. కోపంగా కూడా చూడలేదు, మనిషిని పోల్చుకోలేనట్టు చూసినాడు. మధ్యాహ్నం భోజనాలకు కోర్టు లేచింది.

నేను ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక బయట సోడాబండి దగ్గర నిలబడినా. కోర్టు ఆవరణలో ఎండ మాడిపోతా ఉంది. పోలమ్మ నిలబడలేక, నీడ కోసం, ఆగి ఉన్న ఒక కారు పక్కన నేలమీద చతికిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

"సామీ, రొంత ఇట్టా రా. ఇదేగదా ఆ బిళ్ళ?"

వంగి చూసినా. కొత్త కారు, మెరుస్తా ఉంది. చక్రం వెనక మందపాటి ఇనుప బిళ్ళ. ఇంకో చక్రం చూసినా, ఇంకోటి చూసినా. నాలుగింటికీ ఉన్నాయి. నా ఉద్యోగమంతా కారు చక్రాలు చూడడమే, ఆ కారు పక్కనుంచే నేను పొద్దున లోపలికి నడిచిపోయినా, నా కంటికి ఆనలేదు. నిలబడి చూస్తే మడ్‌గార్డు అడ్డమొస్తుంది. కాలు పోగొట్టుకోని నేలమీద కూర్చున్న మనిషి కంటికి సరిగ్గా ఎదురుగా ఉంది.

ఎవరిది ఈ కారు అని సోడావాణ్ణి అడిగినా. అడగక్కర్లేకపోయింది. అద్దం మీద పసుపు కుంకుమ ఇంకా ఆరలేదు. ముందు సీట్లో పెంచలరెడ్డిగారి ఉత్తరీయం మడిచి పెట్టి ఉంది.

చేతిలో సోడా పారబోసి వకీలు దగ్గరికి ఉరికినా. ఆయన మెజిస్ట్రేటుగారితో చెప్పినాడు. మెజిస్ట్రేటుగారు మెట్లు దిగి ఎండలోకి వచ్చినారు. వెనకనే అందరూ. ఆయన ప్యాంటు పైకి లాక్కోని మోకాళ్ళ మీద కూర్చోని చూసినారు. చూసి, రెడ్డిగారిని పిలిచి, బిళ్ళల సంగతే తెలియదన్నారు గదా అని మెల్లగా అడిగినారు.

రెడ్డిగారు ఈసారి అబద్ధమాడాలని కూడా అనుకోలేదు. అంత అమాయకంగా జవాబు చెప్పినారు.

"మరి గాడిలో దిగాల గదయ్యా, ఎట్టా?"

ఒక మనిషి కాలు పోయింది, ఇంకో మనిషి బోనులో ఉన్నాడు, తన కారు కాలవలో పడింది. ఇన్ని జరిగినాక కూడా కొత్త కారు కొని, నిమ్మకాయలు తొక్కించి, నేరుగా బిళ్ళల షెడ్డుకు పోయినాడు ఆ పెద్దమనిషి. అది ఎక్కి వచ్చి, బిళ్ళలంటే ఏందో తెలియదని ప్రమాణం చేసినాడు. ఆయన దృష్టిలో రెండింటికీ సంబంధం లేదు. నేను ఇన్నేళ్ళలో ఎన్నో ఘోరాలు చూసినా గాని, ఆ మాట విన్నప్పుడు కొయ్యబారినట్టు ఇంక దేనికీ కొయ్యబారలేదు.

ఒక బిళ్ళ విప్పి లోపల బల్లమీద పెట్టమన్నారు మెజిస్ట్రేటుగారు. కోర్టు బంట్రోతుకు చేతకాదు. రెడ్డిగారి కొత్త డ్రైవరు భయపడి యాడికో మాయమైనాడు. అప్పుడు మస్తాన్ ముందుకొచ్చి, సెలవిస్తే నేను విప్పుతానయ్యా అన్నాడు. ముద్దాయి చేత సాక్ష్యం విప్పించడమేంది అని అవతలి వకీలు గొణిగినాడు. విప్పనీయండి, మనమంతా ఈడనే ఉన్నాం గదా అన్నారు మెజిస్ట్రేటుగారు. మస్తాన్ జాకీ పెట్టి కారెత్తి, ఒకటి విప్పమంటే నాలుగూ విప్పినాడు. ఒక్కొక్క బిళ్ళనే తుడిచి పక్కన పెట్టి, చక్రాలు మళ్ళీ ఇరుసుకు ఆనించి నట్లు బిగించినాడు. ఎవరూ వద్దనలేదు, రెడ్డిగారు కూడా.

తీర్పు తర్వాతి వాయిదాలో వచ్చింది. మస్తాన్‌ను విడిచిపెట్టినారు. లైసెన్సు నిలిచింది. పోలమ్మ పరిహారం కేసు నెమ్మదిగా నడిచింది, కోర్టు కంపెనీ చేతే డబ్బు ఇప్పించింది. ఆ డబ్బుతో ఆమె వంతెన దగ్గర చేపలు కూర్చోని అమ్ముకునేదానికి చిన్న పందిరి ఏయించుకుంది. గంపలు వేరేవాళ్ళు మోసుకొచ్చేవాళ్ళు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ కోర్టు రోజు సాయంత్రం సంగతి. ఊరికి పోయే బస్సు తప్పిపోయింది. పోలమ్మ మెట్లమీద కూర్చోని ఉంది. రెడ్డిగారు కాసేపు అటూ ఇటూ తిరిగి, దగ్గరికొచ్చి, కారెక్కమ్మా, పాళెంలో దించి పోతాము అన్నారు. ఆ మనిషి అట్టాంటివాడు, ఏం చేస్తాం.

"మస్తాను నడిపితే ఎక్కుతా," అంది పోలమ్మ.

రెడ్డిగారు తాళంచెవి తీసి మస్తాన్ చేతిలో పెట్టినారు. నేను కూడా ఎక్కినా. నాకు ఆడ పనేమీ లేదు, చూడకుండా ఉండలేక ఎక్కినా. తారురోడ్డు అయిపోయి బండిదారి వచ్చింది. బిళ్ళలు లేవు గదా, ఒక పక్క చక్రాలు గాడిలో దిగినాయి, రెండో పక్కవి గట్టుమీద నిలిచినాయి. కారు ఒక పక్కకు ఒరిగిపోయి, ఎగుడుదిగుడుగా ఊగుతూ, నత్తనడక నడుస్తా ఉంది. ముందు సీట్లో రెడ్డిగారు తలుపు గట్టిగా పట్టుకున్నారు. వెనక పోలమ్మ నా మీదికి జరిగిపోతా, పొట్టికాలు నేలకు తన్నిపెట్టి, కాసేపు కిటికీలోంచి గాడి వైపే చూసింది. తర్వాత మస్తాన్‌ను పిలిచింది.

"అబ్బయా, ఇప్పుడు నీ కారు నా మాదిరే కుంటతా ఉండాది," అంది. "ఇట్టానే పోనీ."